వెలుతురుకు రేకు కట్టిన వీధి

బెంగుళూరు పోయి వచ్చినవాళ్ళు తోటల గురించో, దోసెల గురించో, ట్రాఫిక్ గురించో చెబుతారు. నేను ఒక సందు గురించి చెబుతాను. దాన్ని చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనుక్కుని పోరు. నేను పోయింది కూడా చూడటానికి కాదు, అక్కడ ఒక వీధిదీపం వెలిగించి రావడానికి.

నవ్వకండి. నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రతి ఏడూ ఒక పాఠం తప్పకుండా చెప్పాను. కొన్ని వస్తువులుంటాయి, ఒకడు వాడుకున్నంత మాత్రాన ఇంకొకడికి తగ్గవు. డబ్బివ్వనివాణ్ణి వాడుకోకుండా ఆపడమూ కుదరదు. అందుకని వ్యాపారి వాటి జోలికి రాడు, ప్రభుత్వమే చెయ్యాలి. "ఉదాహరణకు..." అని నేను సుద్దముక్క ఎత్తేలోపే పిల్లలు "వీధిదీపం సార్" అని అరిచేవాళ్ళు. బోర్డు మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమవైపు ప్రభుత్వమనీ కుడివైపు మార్కెట్టనీ రాసేవాణ్ణి. దీపాన్ని ఎడమవైపు పెట్టేవాణ్ణి. ఆ గీత మీద నాకు చాలా నమ్మకం ఉండేది.

మా చెల్లెలు లక్ష్మీదేవి కూతురు భారతి హెబ్బగోడి దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. మొదటి షిఫ్టువాళ్ళ కోసం తెల్లవారకముందే కంపెనీ బస్సు మెయిన్ రోడ్డుకు వస్తుంది. ఒకరోజు గది నుంచి బస్సు దగ్గరికి నడుస్తూ చీకట్లో కాలువలో పడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకుంది. చెయ్యింకా కట్టులోనే ఉంది. అయినా వచ్చే సోమవారం పనిలోకి రాకపోతే పేరు కొట్టేస్తామని కాంట్రాక్టరు కబురు పెట్టాడు. కూర్చుని పాడైన ముక్కల్ని చూసి ఏరే పనే గనక ఒంటి చేత్తో చెయ్యొచ్చట.

చెల్లెలు నన్ను పట్టుకుని ఏడ్చింది. "నువ్వు పోయి చూడన్నా. ఆ సందులో లైటు ఏయించగలిగితే పిల్ల ఆడే ఉండనీ. కాకుంటే నీతో పిలుచుకొని వచ్చేయ్. ఈసారి చెయ్యి, ఇంకోసారి ఏం పోతాదో" అంది. సరేనని మాటిచ్చాను. గురువారం పోతే శుక్రవారం, శనివారం ఆఫీసులుంటాయి. ఒక బల్బుకు రెండు రోజులు ఎందుకు చాలవు అనుకున్నాను.

మా ఊరి స్టాపు

చెల్లెలు నన్ను బస్సెక్కించిన మా ఊరి స్టాపు దగ్గర ఒక ఎల్‌ఈడీ దీపం ఉంది. పొద్దెక్కి ఎండ చురుక్కుమంటున్నా వెలుగుతూనే ఉంది. బిగించినవాడున్నాడు గానీ ఆర్పేవాడు లేడు. పంచాయతీవాళ్ళను అడిగితే స్విచ్చు పెట్టలేదంటారు. దాని గురించి ఇంతకుముందు రెండుసార్లు అరిచి ఊరుకున్నాను. ఆ రోజు మాత్రం దాన్ని చూసి ధైర్యం వచ్చింది. పట్టపగలు దీపం వెలిగించగల ప్రభుత్వం రాత్రి వెలిగించలేదా!

కదిరిలో బెంగుళూరు బస్సు దొరికింది. నా పక్క సీటాయన హొసకోటెలో గోడౌన్లు కట్టే పనికి పోతున్న మేస్త్రీ, ముదిగుబ్బవైపు వాడు. బాగేపల్లి టోల్‌గేటు దగ్గర బస్సు ఆగింది. ఎత్తయిన స్తంభాలకు గుత్తులుగా లైట్లు, అద్దంలాంటి రోడ్డు. ఆయన మెచ్చుకోలుగా చూసి, "ప్రైవేటోళ్ళు సార్. దుడ్డు తీసుకుంటారు, పని చేస్తారు. మన గవర్మెంటుకైతే ఏళ్ళు పడుతుండె" అన్నాడు.

నాకు ఊరుకోవడం చేతకాదు. ఆ రోడ్డు భూమి ఎవరిది, టోలు వసూలు చేసుకునే హక్కు ఎవరిచ్చారు అని మొదలుపెట్టాను. సగంలో చూస్తే ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఒడిలో చెనిక్కాయల పొట్లం అట్లాగే ఉంది. రెండు కాయలు తీసుకుని తిన్నాను.

టోల్‌గేటు దాటాక టిఫినుకు ఆపారు. ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీ రెండోసారి అడిగితే ముఖం చిట్లించారు. తాగడానికి నీళ్ళడిగితే సీసా తెచ్చి పెట్టి మూత కూడా తిప్పేశాడు. "జగ్గులో నీళ్ళు లేవా?" అంటే చెయ్యి కడుక్కునే తొట్టివైపు చూపించాడు. మా ఊళ్ళో ఎవరింటి ముందాగి నీళ్ళడిగినా చెంబుతో ఇచ్చి, ఏ ఊరని కూడా అడుగుతారు. ఇక్కడ ఇరవై రూపాయలు ఇచ్చాక ఏ ఊరని ఎవరికీ పట్టలేదు.

మెట్రోలో

మెజెస్టిక్‌లో దిగి మెట్రో ఎక్కాను. లోపలికి పోయే గేటు దగ్గర టోకెను వెయ్యడానికి కన్నం కోసం వెతుకుతూ నిలబడిపోయాను. వెనక కుర్రాళ్ళంతా విసుక్కుంటుంటే గార్డు వచ్చి నా చేతిని పట్టుకుని టోకెనును అద్దానికి తాకించాడు. తలుపులు తెరుచుకున్నాయి. మొదటిసారి పలక పట్టిన పిల్లాడి చేతిని అయ్యవారు దిద్దించినట్టయింది.

స్టేషనంతా మిట్టమధ్యాహ్నం కూడా తెల్లటి దీపాలతో వెలిగిపోతోంది. మధ్యలో ఇంకో లైనుకు మారి, ఎత్తు మీద నుంచి ఊరంతా చూసుకుంటూ హెబ్బగోడిలో దిగాను. ఇదంతా ప్రభుత్వం కట్టిందే గదా అని నాకు లోపల్లోపల గర్వంగా ఉంది. ఆ మేస్త్రీ పక్కనుంటే నిద్ర లేపి మరీ చూపించేవాణ్ణి.

మెట్రో స్తంభాల నీడ దాటి రెండు వీధులు లోపలికి పోతే, ఆ గర్వమంతా దిగిపోయింది.

వఠారం

ఒకే గోడకు ఆనుకుని వరసగా కట్టిన రేకుల గదుల్ని అక్కడ వఠారం అంటారు. అందులో ఒక గదిలో భారతి, మంజుళ అనే మరో అమ్మాయి ఉంటారు. మంజుళది చింతామణి దగ్గర పల్లె, భారతి కంటే పెద్దది, అదే ఫ్యాక్టరీ. మెయిన్ రోడ్డుకు పోవాలంటే ఒకటే సందు. సందుకు ఒకవైపు పెద్ద అపార్టుమెంటు ప్రహరీగోడ. రెండోవైపు పెద్దకాలువ, పైన పరిచిన బండల్లో సగం పగిలిపోయాయి, సగం ఎవరో ఎత్తుకుపోయారు. కాలువ అంచున మూడు ప్రభుత్వ స్తంభాలు, మూడింటికీ బల్బులున్నాయి. ఒక్కటీ వెలగదు.

నన్ను చూడగానే భారతి నవ్వింది. చెయ్యి మెడకు వేలాడుతున్నా నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏం మామా, లైటు జేబులో పెట్టుకొని వచ్చినావా?"

"అర్జీ పెట్టుకొని వచ్చినా."

"దానికి వెలుగెంతొస్తాదో చూస్తాం ఉండు."

మంజుళ రాగిముద్ద, ఉప్పుసారు పెట్టింది. ఉడికించిన పప్పు కట్టులో మిరపకాయలు, వెల్లుల్లి నూరి కలుపుతారు. మా వైపు ముద్దలోకి చెనిగ్గింజల చట్నీయో, పప్పో పడాలి. ఈ పలచటి సారుతో ముద్ద మింగడం మొదట ఇబ్బందిగా ఉన్నా, రెండో ముద్దకు అలవాటైంది. తింటూ నేను అసలు సంగతి చెప్పాను. లైటు పడకపోతే నాతో వచ్చెయ్యాలి, మీ అమ్మకు మాటిచ్చాను.

భారతి ఒంటిచేత్తో ముద్ద తుంచుకుంటూ, "మన ఊర్లో లైట్లుండాయి మామా. పనే ల్యా" అంది. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

తెల్లవారకముందు

సందు ఎట్లా ఉంటుందో నా కళ్ళతో చూడాలని శుక్రవారం చీకటితోనే లేచి మంజుళ వాళ్ళ వెంట నడిచాను. వఠారంలోని ఆడపిల్లలంతా గదుల ముందు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఒకరి భుజం మీద ఇంకొకరి చెయ్యి. అందరికంటే ముందు మంజుళ. చిన్నప్పుడు మేం ఆడుకున్న రైలాటలా ఉందిగానీ ఎవరూ నవ్వడం లేదు.

ఎవరి దగ్గరా ఫోను లేదు. ఫోనుగానీ, బ్యాటరీ ఉన్న ఏ వస్తువుగానీ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు, పెట్టుకోవడానికి చోటూ ఇవ్వరు. అందుకని గదిలోనే వదిలేస్తారు. అంతకుముందు ఒక టార్చి కొనుక్కుని, బస్సెక్కేచోట టీ బంకులో దాచి పోయేవాళ్ళట. ఫుట్‌పాత్ బాగుచేస్తామని బంకు తీసేశారు. టార్చీ పోయింది, ఫుట్‌పాతూ రాలేదు.

మంజుళ కాలితో తడుముతూ నడుస్తోంది. "గుంత" అంది. వెనకున్న పిల్ల "గుంత" అంది. ఆ మాట ఒక్కొక్కరినీ దాటుకుంటూ చివరిదాకా పోయింది. కొంచెం ముందుకుపోయాక "బండ". తర్వాత "కుక్క". ఒరియా పిల్లలు, ఉత్తర కర్ణాటక పిల్లలు కూడా అవే మాటలు చెబుతున్నారు. అందరికంటే వెనకున్న ఒరియా అమ్మాయి కూడా ప్రతిసారీ గట్టిగా "గుంత" అని చెబుతోంది. ఆమె వెనక నేను తప్ప ఎవరూ లేరు. నాకోసమేమో అనుకున్నాను. కాదట.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మంజుళ చెప్పింది. "భారతి ఆ పొద్దు రోంత లేటుగా వచ్చె సార్. మా వెనకాలే వస్తా ఉండింది, మాకు తెలీలేదు. కడాన ఉండే పిల్ల వెనక ఎవరూ లేరనుకొని చెప్పకుండా ఊరుకుండె. చెప్పుంటే పడుతుండ్లేదు. అప్పటినుంచి వెనక ఎవరూ లేకపోయినా గట్టిగా చెప్పల్లని పెట్టుకుంటిమి."

ఇందులో మెచ్చుకోవలసింది ఏమైనా ఉందా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను. ఉంది, కానీ మెచ్చుకోవడానికి నాకు మనసు రాలేదు. పన్ను కట్టే మనుషులు పొద్దున్నే పనికి పోవడానికి గుడ్డివాళ్ళలా నడిచే విద్య నేర్చుకోవలసి రావడం మెచ్చుకునే సంగతి కాదు. నాకు ఒళ్ళు మండింది.

తిరిగి వస్తుంటే ఇంకొకటి కనిపించింది. ప్రహరీగోడ పొడవునా పైన లైట్లున్నాయి. లోపలివైపు చెట్ల ఆకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత వెలుతురు. సందువైపు మాత్రం ప్రతి లైటుకూ వెనక ఒక రేకు కొట్టి ఉంది. కావాలని, కొలత తీసి, నాలుగు మూలలా మేకులు వేసి కొట్టిన రేకు.

"మొన్న దసరా దాకా ఆ రేకులు లేవు మామా" అంది భారతి, నేను గదికొచ్చి అడిగితే. "ఎలుతురంతా సందులో పడతాండె. ఆ గోడోళ్ళు రేకులు కొట్టినాక గదా నేను పడింది."

ఆఫీసులో

వీధిలైట్ల సంగతి చూసే ఆఫీసు ఏదో, దాని పేరేమిటో ఇక్కడ రాయను. అన్ని ఊళ్ళలోనూ ఉండే ఆఫీసే. గుమాస్తా తాతల కాలంనుంచి బెంగుళూరులో ఉన్న తెలుగాయన. నన్ను కూర్చోబెట్టి, నా అర్జీ చదివి, కంప్యూటరులో వెతికి, సంతోషంగా తలెత్తాడు.

"మీరేం బేజారు పడాకండప్పా. ఆ మూడు కంబాలకూ లైట్ ఉండాది. వెలుగుతా ఉండాది."

"నేను పొద్దున చూసి వచ్చాను. వెలగడం లేదు."

"ఇందులో వెలుగుతా ఉండాది కదప్పా" అని స్క్రీను నావైపు తిప్పాడు. నిజమే, మూడు పచ్చటి చుక్కలున్నాయి.

చుక్కల వెలుతురులో ఎవరూ నడవలేరని నేను గొంతు పెంచాను. ఆయనకు కోపం రాలేదు. లైట్లు చూసుకునే పని ఒక కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చేశారట, ఇప్పుడు ఆఫీసు చేతిలో ఏమీ లేదట. అక్కడికే పొమ్మని అడ్రసు రాసిచ్చాడు. ఆ కంపెనీ ఒక బేకరీ మీద మేడగదిలో ఉంది. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడు, టీ కూడా తెప్పించాడు.

"మా కాంట్రాక్టు బల్బు వరకే సార్. తీగలో కరెంటు రాకపోతే అది ఆఫీసు పని."

"మరి వెలుగుతోందని ఎట్లా పెట్టారు?"

"బల్బు ఉంటే వెలుగుతున్నట్టే లెక్క సార్. మాకు బిల్లు బల్బుల లెక్కనే కదా ఇస్తారు."

మళ్ళీ ఆఫీసుకు పోయాను. గుమాస్తా భోజనానికి పోయి వచ్చి, తీగ సంగతి కూడా కాంట్రాక్టులో ఉందనుకుంటానప్పా, కాగితం పైఆఫీసులో ఉంది, పెద్దసారు సోమవారం తర్వాత వస్తారు అన్నాడు. నేను అరిచాను. అక్కడున్నవాళ్ళంతా జాలిగా చూశారు. పెద్దవయసు మనిషి, ఎందుకింత ఆయాసపడుతున్నాడని.

మెట్లు దిగుతుంటే, నేను బోర్డు మీద గీసిన గీత గుర్తుకొచ్చింది. ఇక్కడ ఆ గీతే లేదు. ప్రభుత్వాన్ని అడిగితే మార్కెట్టును చూపిస్తుంది, మార్కెట్టును అడిగితే ప్రభుత్వాన్ని చూపిస్తుంది. ఏది మేలు అని నేను పిల్లల చేత పది మార్కుల జవాబులు రాయించాను. రెండూ కలిసి ఒకే గదిలో టీ తాగుతుంటాయని ఎవరూ రాయలేదు, నేనూ చెప్పలేదు.

గోడ లోపల

శనివారం అపార్టుమెంటు గేటుకు పోయాను. గార్డు నా ఫొటో తీసి, ఫోన్లో ఎవరికో పంపి, ఎండలో నిలబెట్టాడు. కాసేపటికి సంఘం సెక్రటరీ వచ్చాడు. వచ్చినవాడు నన్ను చూసి ఆగిపోయి, గబుక్కున వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"సార్! మీరా? నేను సార్, కిశోర్‌ని. కదిరి కాలేజీ."

గుర్తుపట్టాను. మొదటి బెంచీలో కూర్చునేవాడు, తెలివైనవాడు. మొదట మారతహళ్ళిలో పీజీలో ఉండి, తర్వాత ఈ ఫ్లాటు కొనుక్కున్నాడట. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. హోళిగలంటూ బొబ్బట్లు పెట్టాడు, ఫిల్టరు కాఫీ ఇచ్చాడు. కాఫీ చాలా బాగుంది, ఆ మాట కూడా రాయాలి గదా.

అంతా తిప్పి చూపించాడు. నీళ్ళకు సొంత ట్యాంకర్లు, చెత్తకు సొంత బండి, సొంత కాపలా, సొంత జనరేటరు. గేటు ముందు రోడ్డు కూడా వాళ్ళే వేసుకున్నారు.

"ట్యాక్స్ కడతాం సార్, ఒక్కటీ రాదు. గవర్నమెంటును నమ్ముకుంటే ఇక్కడ బతకలేం. అన్నీ మేమే చేసుకున్నాం."

అతను చెప్పింది అబద్ధం కాదు. ముందురోజు ఆ ఆఫీసు మెట్లెక్కి దిగినవాణ్ణి, కాదని ఏ ముఖంతో అంటాను? అందుకే తల ఊపి, సందువైపు లైట్ల వెనక ఆ రేకులెందుకని మాత్రం అడిగాను.

కిశోర్ ముఖం వెలిగింది. లెక్క సరిగ్గా చేసి పలక చూపించే పిల్లాడి ముఖం అది.

"అది మీ పాఠమే సార్! డబ్బు కట్టనివాణ్ణి ఆపలేం కాబట్టి వీధిదీపం ప్రైవేటువాడు వెయ్యడని చెప్పేవాళ్ళు కదా. మా మీటింగ్‌లో నేను అదే పాయింట్ రెయిజ్ చేసినా సార్. కరెంటు బిల్లు మాది, వాడుకునేది బయటివాళ్ళు, తేరగా. రాత్రిపూట ఆ వెలుతుర్లో కూర్చుని మందు తాగేవాళ్ళు కూడా. ఆపలేం అని ఎందుకనుకోవాల? రేకు పెడితే ఆగిపోతుంది. సింపుల్ సార్."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. భారతి పడిన సంగతి చెప్పాను. నా మేనకోడలని కూడా చెప్పాను.

అతను నిజంగానే కదిలిపోయాడు, నటన కాదు. "అయ్యో... సారీ సార్. హాస్పిటల్ ఖర్చు నేను పర్సనల్‌గా పెట్టుకుంటా" అన్నాడు.

"ఖర్చు వద్దు. రేకులు తీయించు."

"అది నా ఒక్కడి చేతిలో లేదు సార్. జనరల్ బాడీలో పాసైపోయింది."

"తేరగా వాడుకోవడమే గదా మీ బాధ. ఆ పిల్లలు నెలనెలా తలా కొంత వేసుకుని ఇస్తారు. నేను ఇప్పిస్తాను."

కిశోర్ తలుపువైపు ఒకసారి చూశాడు. "డబ్బు తీసుకుంటే ఇంకా ప్రాబ్లమ్ సార్" అన్నాడు గొంతు తగ్గించి. "మేమూ కడుతున్నాం కదా అని రేపు పార్కులోకి వస్తామంటారు, గేటు దారి అడుగుతారు. తీసుకోకపోతేనే క్లీన్‌గా ఉంటుంది."

డబ్బివ్వకపోతే తేరగాళ్ళు. ఇస్తామంటే హక్కు అడుగుతారు. మార్కెట్టు అంటే డబ్బు చూసి సరుకిచ్చేదని చెప్పాను నేను. డబ్బు చేతికొస్తున్నా వద్దని, సరుకును రేకు వెనక దాచుకునేదాన్ని ఏమనాలో నా పాఠంలో లేదు. మా ఊళ్ళో అరుగు మీద బల్బు ఉన్నవాళ్ళు, ఊరు సద్దుమణిగేదాకా దాన్ని ఆర్పరు. వీధిన పోయేవాడు చందా కట్టాడా అని ఎవరూ అడగరు. ఆ మాట కిశోర్‌తో అన్నాను. "అది పల్లెటూరు సార్" అన్నాడు గౌరవంగానే. అతను పుట్టిందీ ఆ పల్లెల్లోనే.

గేటుదాకా వచ్చి సాగనంపాడు. మళ్ళీ కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాను.

ఆదివారం

చెయ్యగలిగింది ఇంకేమీ లేదు. భారతిని సంచి సర్దుకోమన్నాను. ఆమె కదల్లేదు.

"సోమవారం పోతే ఆ కుర్చీ నాది మామా. పోకుంటే ఇంగొక పిల్ల కూచుంటాది. ఇంటికొచ్చి ఏం చెయ్యల్ల? చెనిక్కాయలు పెరకల్ల. వాన రాకుంటే అదీ ల్యా."

"మీ అమ్మకు మాటిచ్చినా."

"ఆఫీసాయప్ప పని పోయిందా?"

"లేదు."

"బల్బుల కంపెనీ పిల్లోడిది? రేకు కొట్టిన నీ శిష్యుడిది?"

"వాళ్ళవీ పోలేదు."

"లైటు ఎయ్యనోళ్ళంతా పనిలోనే ఉండారు. పడిన నేను పని మానల్లనా?"

  నేను లేచి బజారుకు పోయి ఒక పెద్ద టార్చి కొన్నాను. నేను వెంటపోయి తిరిగి వచ్చేవాణ్ణే గనక, ఫ్యాక్టరీ గేటుతో పనిలేదు.

సోమవారం

పొద్దున చీకట్లో వరస కట్టారు. భారతిని మధ్యలో పెట్టుకున్నారు. కట్టున్న చెయ్యి గుడ్డలో ఉంది, మంచి చెయ్యి ముందున్న పిల్ల భుజం మీద ఉంది. నేను అందరి వెనకా నిలబడి గర్వంగా టార్చి వేశాను.

పది అడుగులు వెయ్యకముందే గోడ లోపలినుంచి గార్డు విజిలు ఊదాడు. "యారదు? లైటాఫ్ మాడి!" అని కేకేశాడు. నేను ఆర్పలేదు. నా కోపం నాది. అప్పుడు భారతి వెనక్కి తిరక్కుండానే అంది.

"ఆర్పు మామా. మా నీడలే మాకు అడ్డం పడతాండాయి. ముందర ఏమీ కనపల్లేదు."

చూస్తే నిజమే. వెనకనుంచి పడ్డ వెలుతురుకు వాళ్ళ నీడలన్నీ కాళ్ళ ముందే నల్లగా పరుచుకున్నాయి. ముందుకు పోదామంటే నా వయసుకు ఆ కాలువ అంచున వాళ్ళను దాటే చోటు లేదు. టార్చి ఆర్పి, ముందున్న ఒరియా పిల్ల భుజం మీద చెయ్యి వేశాను.

"గుంత" అంది మంజుళ. మాట వస్తోంది, ఒక్కొక్క గొంతులోంచి, భారతి గొంతులోంచి కూడా. చివరికి నా ముందున్న పిల్ల చెప్పింది. చివర ఉన్నది నేను. వెనక్కి తలతిప్పి, ఎవరూ లేని చీకటికి గట్టిగా "గుంత" అని చెప్పాను.

బస్సు వచ్చింది. లోపల లైట్లు ధగధగమంటున్నాయి. ఎక్కుతూ భారతి, "అమ్మతో ఏం చెప్తావో చెప్పు. నన్ను మాత్రం రమ్మనాకు" అంది. బస్సు కదిలాక మెయిన్ రోడ్డు మీద నేనొక్కణ్ణే నిలబడ్డాను. తెల్లవారేదాకా సందులోకి తిరిగి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. టార్చి చేతిలోనే ఉంది.

మళ్ళీ మా ఊరి స్టాపు

తిరుగు బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారో నాకు గుర్తు లేదు. ఎవరితోనూ వాదించలేదు. బాగేపల్లి దగ్గర సీసా నీళ్ళు కొని, మూత నేనే తిప్పుకున్నాను.

మా ఊళ్ళో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. చెల్లెలు స్టాపులో ఎదురుచూస్తోంది. ఆమె నెత్తి మీద ఆ దీపం ఎండలో వెలుగుతూనే ఉంది. నా వెనక ఎవరూ దిగలేదని చూసి ఆమె ముఖం మారింది.

"పిల్ల యాడన్నా?"

"పనికి పోయింది."

"అంటే... లైటు పడిందా?"

చెప్పవలసింది చాలా ఉంది. ఆఫీసు, మేడగది, రేకులు, నా శిష్యుడు. నిజం చెబితే ఆ సాయంత్రమే ఇంకెవరినైనా పంపి భారతిని ఇంటికి లాక్కొచ్చేస్తుంది.

"వెలుగుతా ఉండాదమ్మా" అన్నాను.

చెల్లెలు పమిట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నా చేతిలో సంచి తీసుకుని ఇంటివైపు నడుస్తూ, ఉన్నట్టుండి ఆగి అడిగింది.

"ఎవరేసిరన్నా? గవర్మెంటోళ్ళా, ఆ అపార్టుమెంటోళ్ళా?"

నేను సంచి వైపు చూశాను. అందులో టార్చి ఉంది.

"ఎవరైతే ఏంలే" అంది చెల్లెలు. "ఏసినోళ్ళు చల్లగుండల్ల."